బావ ఇచ్చిన అగ్గిపుల్లలు

ఇన్నేళ్లూ గుండెల మీద కుంపటిలా మోసినది ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా అక్క భర్తను, నన్ను నమ్మిన మనిషిని, నేను నట్టేట ముంచాను.

వనపర్తిలో బావ లారీ డ్రైవరు. గోపాల్‌పేట నుంచి ఉప్పునుంతల దాకా వడ్ల బస్తాలు తోలేవాడు. చదువు ముగించి నేనూ ఆ లారీ యజమాని దగ్గరే చేరాను, అదీ బావ మాటసాయంతోనే. బరువు, వేగం, రోడ్డు తీరు ఇచ్చి, కంప్యూటర్‌లోనే లారీని నడిపించి, టైరు ఎన్నాళ్లకు అరుగుతుందో ముందే చెప్పడం నా పని. కొత్త టైర్లు ఎప్పుడు కొనాలో తెలుసుకోవడానికే అన్నాడు యజమాని. నమ్మాను.

సరిచూసుకోవడానికి బావను కొలతలు అడిగాను. ఆయన నెలనెలా టైరు గాడిలో అగ్గిపుల్ల దించి, పైకి మిగిలింది విరిచేసి, గాడి లోతంత మిగిలిన లోపలి ముక్కను పాత క్యాలెండర్ అట్టకు అంటించి, పక్కన నెల పేరు రాసేవాడు. అట్ట నిండాక నా చేతికిచ్చాడు.

బావ టైర్లు నేను చెప్పినదానికంటే చాలా ముందే అరిగిపోయాయి. యజమాని ఆ తేడా పట్టుకుని, బండి మొరటుగా తోలుతున్నాడని బావను మానేయమన్నాడు. నా రిపోర్టును అందుకు వాడతాడని నాకెవరు చెప్పారు? యజమాని నన్ను మోసం చేశాడని ఏళ్లపాటు తిట్టుకున్నాను. ఆ కోపం చాటున దాక్కోవడం ఎంత సుఖంగా ఉండేదో.

కానీ బావను మానేయమన్న రోజే అట్ట తీసి చూశాను. ఒకచోట, మూడు నెలల్లోనే, పుల్లలు బాగా పొట్టివైపోయాయి. ఆ మూడు నెలలూ ఉప్పునుంతల దారి తవ్వి కంకర పరిచారు. నేనేమో పాత పటం చూసి తారు రోడ్డనే పెట్టాను. తప్పు నాది. వెళ్లి ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కొత్త ఉద్యోగం, అందరి ముందూ మెచ్చుకున్న యజమాని, ఇప్పుడు తప్పు నాదేనంటే నా పరువేం కాను? అట్ట బీరువాలో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం బావ వచ్చాడు.

"జర నిజం చెప్పు బామ్మర్ది. నా తోలుడుకే అరిగినయా?"

"కంప్యూటర్ గట్లనే చెప్తుంది బావా."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "గట్లైతే నా చెయ్యే మంచిగ లేదేమో. నాకే తెల్వదాయె."

యజమాని మాటైతే కొట్టిపారేసి ఇంకోచోట పని వెతుక్కునేవాడే. చెప్పింది నేను కాబట్టి నమ్మాడు. ఇరవై ఏళ్లు లారీ తోలిన మనిషి మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. ఇప్పుడు తిమ్మాజిపేట దగ్గర కౌలు చేనుకు బస్సులో వెళ్తాడు. మొన్న అక్కకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లమని నా కారు తాళాలిచ్చాను. తన తోలుడు మంచిది కాదు కదా అని నవ్వి, వెనక సీట్లో కూర్చున్నాడు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు.

అట్ట ఇంకా బీరువాలోనే ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఆయనకు చెప్పాల్సిన మాట కనీసం మీతోనైనా అన్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది. మా బావ మంచి డ్రైవరు.