చూడవలసిన పది

గల్ఫ్‌లో మత్రా రేవుకు ఎదురుగా ఉన్న ట్రావెల్స్ ఆఫీసులో చాయ్ పోసే ఇస్తారివి ఒకప్పుడు జగిత్యాల పక్క ఊళ్లలో ఒగ్గుకథకు డోలు కొట్టిన చేతులు. ట్రే పట్టుకున్నా వేళ్లు ఊరుకోవు, అంచు మీద దరువు వేస్తూనే ఉంటాయి. వియన్నా వెళ్లేవాళ్లకు ‘చూడవలసిన పది నాటకశాలలు’ అన్న కాగితాన్ని చాయ్‌తోపాటు అతనే అందిస్తాడు. తిరిగొచ్చాక ఏం ఆట చూశారని అడుగుతాడు. వాళ్లు పాలరాతి మెట్ల గురించి చెప్తారు, దీపాల గుత్తుల గురించి చెప్తారు, లోపల దొరికే కేకు గురించి కూడా చెప్తారు. ఆట పేరు మాత్రం ఒక్కరూ చెప్పరు. అప్పుడు ఇస్తారి పై పెదవి చాయ్‌లో ఈగను చూసినట్టు ఒక పక్కకు లేస్తుంది.

నిన్న పక్కనే దార్సైట్ పేటలో ఉండే సురేందర్ సారు వచ్చాడు. కాగితంలో ప్రతి పేరు పక్కనా టిక్కు కొట్టి మరీ తెచ్చాడు. ఫోను తెరిచి పది గుమ్మాల ముందు పది నవ్వులు చూపించాడు.

“ఏం ఆట చూసిన్రు సార్?”

“లోపలికెవరు పోతరు ఇస్తారీ, మూడు గంటలు కూసోవాలె. బయట ఫొటోలు దిగినం, అయిపాయె.”

ట్రే మీద వేళ్లు ఆగిపోయాయి. వాన పడుతున్నా లేవకుండా, గొంగళ్లు కప్పుకుని కథ విన్న తన ఊరి జనం ఇస్తారికి గుర్తొచ్చారు. సారు ముందు పెట్టిన చాయ్ గ్లాసును వెనక్కి తీసుకుని, దాని చోట ఖాళీ గ్లాసు పెట్టాడు.

“దీనితోటి ఒక ఫొటో దిగున్రి సార్,” అన్నాడు. “చాయ్ తాగినట్టే.”