నీళ్లు పట్టుకోమన్నాను

కర్నూలుకు నీళ్లొస్తున్నాయని వినగానే నాకు మొదట కలిగింది సంతోషమే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పద్నాలుగేళ్లు ఆ ఊళ్లో ఎండాకాలమంతా ఖాళీ బిందెలతో కుస్తీ పట్టినదాన్ని. కడపలో కూర్చుని టీవీలో నిండు తుంగభద్రను చూస్తుంటే, పోనీలే, ఆ తల్లి ఈసారైనా కనికరించింది అనుకున్నాను.

పాత ఊళ్లో మేం అద్దెకున్న ఇంటి అక్కకు ఫోన్ చేశాను. కింద వాళ్ల కిరాణా అంగడి, దాని వెనక వాళ్ల కాపురం, పైన రెండు గదులు మావి. నా ఇద్దరు పిల్లలకూ పసితనంలో నీళ్లు పోసింది ఆమే. ఆ రోజు అక్క గొంతులో కంగారుంది. ఊరు ఖాళీ చేయమని ఆటోలో మైకు పెట్టి చాటుతున్నారట. డోన్‌లో చెల్లెలింటికి పోదామని బావ ఆటో చెప్పి, అంగట్లో మూటలు అటక మీదికి ఎక్కిస్తున్నాడట.

నేనేమన్నానో పొల్లుపోకుండా గుర్తుంది. "ముందు పోయేది కరెంటే అక్కా. ఆ తర్వాత వారం రోజులు కొళాయి రాదు. ఉన్న బిందెలన్నీ పట్టి పెట్టుకో."

కరువు సీమలో పుట్టిన బుద్ధి. ఏ ఆపద వచ్చినా మాకు మొదట కనిపించేది ఖాళీ బిందె. ఆ నీళ్లే ఇంట్లోకి వస్తాయన్న ఊహ నాకు తట్టలేదు. అక్కకూ తట్టినట్టు లేదు, నిజమే అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం టీవీలో మా వీధి కనిపించింది. అది ఫలానా వీధని వాళ్లెవరూ చెప్పలేదు. మిద్దె మీది పచ్చ రంగు ట్యాంకును చూసి నేనే గుర్తుపట్టాను. నేను చీరలారేసిన వరండా కమ్మీలు బురదనీళ్లలో మునిగున్నాయి. కూరగాయలు బేరమాడిన సందు లేదు, పిల్లలు చదివిన బడి లేదు. ఏడుపు కూడా రాలేదు. టీవీ ముందు నిలబడినదాన్ని అలాగే నిలబడిపోయాను.

రెండు రోజులు ఫోన్ కలవలేదు. వాళ్లు ఎప్పుడో డోన్ చేరి ఉంటారని మా ఆయన ధైర్యం చెబుతుంటే ఒళ్లు మండిపోయింది. నేను అక్కకు చెప్పిన మాట ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

మూడో రోజు డోన్ నుంచి బావ ఫోన్ చేశాడు. చెప్పిన ఆటో రాలేదట. ఒక రాత్రీ ఒక పగలూ మిద్దె మీదే ఉంటే పడవ వచ్చి దించిందట. అంగడి పోయింది, ఇల్లు సగం కూలింది.

"చుట్టూ నీళ్లే, ట్యాంకు చూస్తే ఖాళీ, తాగేదానికి చుక్క లేదు. మీ అక్క మిద్దె పైకి తెచ్చిన రెండు బిందెలే మమ్మల్ని బతికించినాయి. పట్టుకోమని నువ్వే చెప్పినావంట కదమ్మా. శానా పుణ్యం కట్టుకున్నావు."

ఫోన్ అక్కకివ్వమన్నాను. ఇక దాచుకోలేక, నా మాట వినకుండా ఏదో ఒక బండెక్కి ఉంటే ఈ గతి పట్టేది కాదని, అంతా నా వల్లేనని ఏడ్చేశాను. అక్క లేచి పక్క గదిలోకి పోయి తలుపు మూసిన చప్పుడైంది.

"ఆటో వచ్చింది మ్మా," అంది మెల్లగా. "ఇంకా బిందెలు పట్టేది ఉండాదని నేనే పంపించేసినా. రానేలేదని మీ బావ అనుకుంటాండాడు. ఆయనకు చెప్పొద్దు."