జనార్ధనరావు గారింటి రాజులూ ప్రెసిడెంట్లూ

జనార్ధనరావు గారింట్లో ప్రభుత్వం పడిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. సాంబారులో ఉప్పెక్కువైనా పడిపోయేది, పొద్దున బాత్‌రూమ్ దగ్గర క్యూ పెరిగినా పడిపోయేది. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఇంట్లో ఏ చిక్కొచ్చినా దేశాధినేతను మారిస్తే సర్దుకుంటుందని ఆయన గట్టి నమ్మకం. రాజరికం నడుస్తుంటే గణతంత్రం ప్రకటించేవారు, గణతంత్రం నడుస్తుంటే రాజును తెచ్చి కూర్చోబెట్టేవారు. దేశమంటే మరేదో కాదు, కెనడాలోని సస్కటూన్‌లో ఆయన సొంతిల్లు. ప్రజలంటే ఆ ఇంట్లో అద్దెకుండే తెలుగు స్టూడెంట్లు.

నిజానికి తప్పు ఆయనది కాదు, ఫ్రాన్సుది. తెనాలి నుంచి వచ్చి, ఇక్కడి యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు ఫ్రెంచి చరిత్ర చెప్పి రిటైరయ్యారాయన. ఒక దేశం రాజును దింపి గణతంత్రం పెట్టుకుంది. అది చాలక చక్రవర్తిని తెచ్చుకుంది. ఆయన్ని దీవికి పంపి పాత రాజుగారి తమ్ముణ్ణి పిలుచుకుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు రాజులను సాగనంపి ప్రెసిడెంటును ఎన్నుకుంటే, ఆ ప్రెసిడెంటు కాస్తా నేనే చక్రవర్తినని కూర్చున్నాడు. ఆయన్నీ దింపి మళ్లీ గణతంత్రానికే వచ్చింది. ఒకే ముసలమ్మ తన ఒక్క జీవితంలో ఇదంతా కళ్లారా చూసి ఉండొచ్చు కదా అని తల్చుకుంటే, ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత కూడా ఆయనకు ఒళ్లు జలదరించేది.

మల్లికార్జున్ కెనడాలో దిగింది, ఈ దేశానికీ రాణి అయిన ఇంగ్లండు రాణిగారు పోయి రాజుగారు వచ్చిన సెప్టెంబరులోనే. ఆ ఏడు ఏ ఫ్లైటు దిగినా సూట్‌కేసులతో మన పిల్లలే. ఇళ్లు దొరక్క ఒక్కో గదిలో నలుగురేసి సర్దుకుంటున్నారు. సిద్దిపేట నుంచి పప్పుధాన్యాల మీద ఎమ్మెస్సీ చేయడానికొచ్చిన ఇతను, మాంసం తింటావా, సిగరెట్టు తాగుతావా అని అడుగుతారనుకుని జవాబులన్నీ సిద్ధం చేసుకుని జనార్ధనరావు గారి గుమ్మం ఎక్కాడు.

"రాజరికమా, గణతంత్రమా?" అన్నారాయన తలుపు తీస్తూనే.

"ఏదైనా సరే సార్. హీటింగ్ ఉంటే చాలు."

"సరిగ్గా ఈ మాటన్న ప్రజలే చక్రవర్తుల చేతుల్లో పడ్డారయ్యా," అని ఆయన ఎంతో సంతోషించి తాళంచెవి చేతిలో పెట్టారు.

ఆ ఇంటి రాజ్యాంగమంతా ఒక ఉన్నిటోపీలో ఉండేది. ఆయన భార్య శకుంతల గారు అల్లిన టోపీ అది, ఒకవైపు పసుపు, తిరగేస్తే ఎరుపు. పసుపు పైకి ఉంటే రాజరికం, ఎరుపు పైకి ఉంటే గణతంత్రం. రాజుకు వేడిగాలి గొట్టం పక్క కుర్చీ ఇచ్చేవారు. ఏం వండాలో రాజే చెప్పాలి, గిన్నెల జోలికి పోనక్కర్లేదు. ఒక్కటే ఆంక్ష, రాజు గదిలో ఒక్కడే కూర్చుని తినకూడదు. అందరితో బల్ల దగ్గరే తినాలి, రాజు మొదటి ముద్ద ఎత్తేదాకా మిగతావాళ్లు ఎత్తకూడదు. ఇక ప్రెసిడెంటు సంగతంటారా, ఆయన ప్రజాసేవకుడు కాబట్టి గిన్నెలు తోమాలి, వాకిట్లో మంచు ఎత్తాలి. అందుచేత ఆ ఇంట్లో ఎన్నికలంటే ఓడిపోవడానికి పోటీ.

ఆ పోటీలో ఆరితేరినవాడు వీరభద్రం, నంద్యాల కుర్రాడు. పిజ్జా షాపులో ఉన్న పార్ట్‌టైమ్ ఉద్యోగం పోయాక బేస్‌మెంట్‌లో దుప్పటి కప్పుకుని ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు. నవంబరు ఎన్నికల్లో అతనిచ్చిన ప్రచార ప్రసంగం ఇది: "నాకు ఓటేస్తే మీ ఖర్మ. గిన్నెలకు జిడ్డు పోదు, మంచు ఉగాదికి గానీ ఎత్తను. ఆలోచించుకోండి."

ఓట్లు లెక్కపెట్టే పని శకుంతల గారిది. ఏ ప్రభుత్వమొచ్చినా పదవి పోని మనిషి ఆవిడొక్కరే. వీరభద్రం ఏకగ్రీవంగా గెలిచాడు.

"ఏకగ్రీవం ఎట్లయితాది మేడమ్? నేనే పైగది అమృతకు వేసినా కదా," అన్నాడతను.

"అది చెల్లలేదు నాయనా, మడత సరిగ్గా పెట్టలేదు," అందావిడ.

చచ్చినట్టు పార పట్టుకుని బయటికెళ్లాడు వీరభద్రం. తమ వాకిలి పూర్తిచేసి, పక్కింటి ముసలాయన తంటాలు పడుతుంటే ఆ వాకిలీ ఎత్తాడు. ఆ ముసలాయన కొడుకు ట్రాక్టరు విడిభాగాల గోడౌన్ నడుపుతాడు. మరుసటి వారానికి వీరభద్రం అందులో పనికి చేరాడు. అంతటితో ఆ గణతంత్రం పడిపోయింది.

తర్వాత పైగదిలో ఉండే అమృత రాణి అయింది. అమలాపురం పిల్ల, క్లాసులో ప్రెజెంటేషన్ అంటే ముందురోజే జ్వరం తెచ్చుకునేది. రాణికి సింహాసన ప్రసంగం తప్పదన్నారు జనార్ధనరావు గారు. రోజూ భోజనానికి ముందు లేచి నిలబడి, ఇంగ్లీషులో రాజ్య పరిస్థితి మీద మాట్లాడాలి. మొదటిరోజు "ఇవాళ వంకాయ అండి" అని తెలుగులోనే చెప్పి కూర్చుండిపోయింది. నెల తిరిగేసరికి పాల ధర మీదా బస్సుల ఆలస్యం మీదా దంచేస్తుంటే కూరలు చల్లారిపోయేవి. ప్రజలు ఆకలికి తాళలేక తిరుగుబాటు చేసి రాణిని దింపి, పోతే పోనీ అని ప్రెసిడెంటును చేశారు.

ఇవన్నీ చూసి మల్లికార్జున్ పగలబడి నవ్వేవాడు. ఫోన్లో అమ్మకు రోజుకో కథ చెప్పేవాడు. తన వంతు వచ్చేసరికి మాత్రం నవ్వు రాలేదు.

జనవరిలో ఒకరోజు గ్రీన్‌హౌస్‌లో మొక్కలకు నీళ్లు పెడుతూ అమ్మకు వీడియో కాల్ చేశాడు. ట్రేలలో ఉన్నవి మసూర్‌పప్పు మొక్కలు. మనం తినే పప్పు గంత దూరంకెల్లి వస్తదా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత, "మంచు చూపియ్ బిడ్డా" అంది. వెనక తలుపు తెరిచి, అది మూసుకుపోకుండా బకెట్ అడ్డం పెట్టి, తల్లికి కళ్లనిండా మంచు చూపించాడు. ఆవిడ పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ముందు తలుపులోంచి ఇంటికొచ్చేశాడు. బకెట్ సంగతి మర్నాడు పొద్దున మొక్కల్ని చూశాకే గుర్తొచ్చింది. రాత్రి చలి మైనస్ ముప్పై అయిదు. ట్రేలలో ఆకులన్నీ నల్లగా వేలాడుతున్నాయి.

బకెట్ తీసేశాడు గానీ ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం వచ్చి కనబడమని సూపర్‌వైజర్ మేడమ్ కబురు పెట్టింది. ప్రాజెక్టు నుంచి తీసేస్తారు, సీటు పోతుంది, స్టడీ పర్మిట్ పోతుంది, వాళ్లు వెళ్లగొట్టకముందే సిద్దిపేట వెళ్లిపోవడం మేలు అని తీర్మానించుకున్నాడు. అన్నానికి పిలిస్తే ల్యాబ్‌లో తినేశానని చెప్పి బేస్‌మెంట్‌లో తన గది తలుపేసుకునేవాడు. అలా రెండు పూటలు గడిచాయో లేదో, జనార్ధనరావు గారు టోపీ పసుపు పైకి తిప్పి పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగారు.

"అమృత ప్రభుత్వం పడిపోయింది. నువ్వు రాజువి. పైకి రా."

"నాకొద్దు సార్. నేను తినొచ్చిన."

"రాజు ఇష్టంతో పనిలేదయ్యా. అది పుట్టుకతో వస్తుంది."

"నేను సిద్దిపేట్ల పుట్టిన సార్. మా నాయిన ఆర్టీసీ కండక్టర్."

"ప్రవాసంలో బడిపంతులు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి సింహాసనమెక్కిన రాజున్నాడు ఫ్రాన్సులో. కండక్టర్ కొడుకుకి అడ్డమేముంది?" అని ఆయన టోపీ నెత్తిన పెట్టేశారు.

పెద్దాయనతో వాదించలేక వెళ్లి వేడిగాలి గొట్టం పక్కన కూర్చున్నాడు. ఎదురుగా వేడన్నం, గోంగూర పప్పు. అందరూ చేతులు ముడుచుకుని రాజుగారి చేతివైపు చూస్తున్నారు. రాజుగారు కంచంవైపు చూస్తున్నారు.

"సామీ, ఒక్క ముద్ద ఎత్తు," అన్నాడు వీరభద్రం. "గోడౌన్‌లో పొద్దున్నుంచీ ఇనుము మోసొచ్చినా."

మల్లికార్జున్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "నేను రాజీనామా చేస్తున్న. ఈ ఇల్లు, ఈ దేశం, అన్నీ వదిలేసి పోతున్న."

ఇంకొకరైతే కంగారు పడేవాళ్లు. జనార్ధనరావు గారి మొహం వెలిగిపోయింది. "సింహాసనత్యాగమా? దివ్యంగా చేసుకో. కానీ ఎందుకు దిగుతున్నాడో రాజు ప్రజలకు చెప్పాలి. చెప్పకుండా పోతే దాన్ని పారిపోవడమంటారు."

చెప్పాడు. అమ్మ, మంచు, బకెట్, నల్లబడ్డ మొక్కలు, శుక్రవారం, అన్నీ చెప్పాడు. శకుంతల గారు అతని కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది.

"ఒకాయనుండేవాడు," అన్నారు జనార్ధనరావు గారు. "సింహాసనం ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోమంటున్నారు, ఊరేగింపుకు బండ్లు కూడా తయారయ్యాయి. జెండా రంగు మార్చితే గానీ రానన్నాడు. అంతే, ఫ్రాన్సుకు మళ్లీ రాజు రాలేదు. ఆయన్ని ఎవరూ దింపలేదయ్యా, ఆయనే రాలేదు. శుక్రవారం ఆ మేడమ్ నిన్ను పొమ్మంటే అప్పుడు పో. పొమ్మనకుండా పోవడమేంటి?"

"తలుపు నేనే తీశానని ముందే చెప్పేయండి," అంది అమృత. "ఎలా చెప్పాలో ఇక్కడే ప్రాక్టీసు చేద్దాం. భద్రం సూపర్‌వైజర్ అనుకోండి."

"అనుకుంటా గానీ, ముందు ముద్ద ఎత్తమను," అన్నాడు వీరభద్రం.

రాజు ముద్ద ఎత్తాడు. ఆ తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నాడు కూడా.

శుక్రవారం అతను చెప్పిందంతా మేడమ్ నిమ్మళంగా వింది. హీటర్ చెడిపోయిందనుకున్నానంది. గ్రీన్‌హౌస్‌కి తీసుకెళ్లి, ఒక ట్రేలో వేలితో మట్టి పక్కకు తోసింది. మాడిన కాడ కింద, మట్టిలో ఉన్న కణుపు దగ్గర ఆవగింజంత పచ్చటి మొలక ఉంది. తలుపు పక్క ట్రేలు పోయినట్టే, మిగతావి చాలావరకు మళ్లీ చిగురిస్తాయి, పప్పు రైతులకు ఇది తెలిసిన విషయమే, నువ్వు పుస్తకంలో చదివి మర్చిపోయావు అంది. పోయినవి మళ్లీ విత్తమంది. ఇక తీసేస్తుందేమోనని ఎదురుచూస్తుంటే, "మీ అమ్మగారికి మంచు సరిగ్గా కనబడిందా?" అని అడిగింది.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే జనార్ధనరావు గారు కుర్చీలోంచి లేచిపోయారు. దింపేసిన వంశమే మళ్లీ వచ్చిందన్నమాట, అచ్చం ఫ్రాన్సే అని ఇల్లంతా తిరిగి చెప్పారు.

ఆ సాయంత్రం శకుంతల గారి పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుంటే మల్లికార్జున్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దుప్పటి వదలని భద్రం చేతికి పార. నోరు పెగలని అమృతకు ప్రసంగం. తలుపేసుకున్న తనకు, ఒంటరిగా తినే హక్కు లేని పదవి.

"ఆంటీ, ఎవరికి ఏ పదవి ఇయ్యాల్నో సార్‌కి ఎట్ల తెలుస్తది?"

"ఆయనకేం తెలుస్తుంది నాయనా. ఎవరు అన్నం సరిగ్గా తినడంలేదో నేను చెప్తాను. ఆయన వెళ్లి ఫ్రాన్సులో ఏదో ఒకటి వెతుక్కొస్తారు."

"మరి ఆ ఎన్నికలు?"

"చిక్కుళ్లు చూసి ఒలువు, పుచ్చులున్నాయి," అందావిడ.

ఏప్రిల్లో మంచు కరిగి వాకిట్లో బురదైంది. ఒకరోజు జనార్ధనరావు గారు భోజనానికి రాలేదు. ఆకలి లేదని కబురు చేశారు. రిటైరైనవాళ్ల కోసం లైబ్రరీలో ఆయన ఏటా ఫ్రెంచి చరిత్ర క్లాసు చెప్పేవారు. ఈసారి ఎవరూ చేరలేదని దాన్ని ఎత్తేశారట. మర్నాడు కూడా ఆయన బల్ల దగ్గరికి రాలేదు. ఆ ఇంట్లో రెండ్రోజులుగా ప్రభుత్వం నిలకడగా ఉందంటే పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో ఊహించుకోవచ్చు.

మల్లికార్జున్ టోపీ తీసుకుని ఆయన గదికెళ్లాడు. వెనకాలే భద్రమూ అమృతా నిలబడ్డారు.

"సార్, ప్రభుత్వం పడిపోయింది. మీరే రాజు."

ఆయన ఇన్నేళ్లలో ఎంతమందినో గద్దెనెక్కించారు గానీ, ఆ టోపీ ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. "నాకెందుకయ్యా. వేరే ఎవరినైనా చూసుకోండి," అన్నారు.

"రాజు ఇష్టంతో పనిలేదు సార్. అది పుట్టుకతో వస్తది."

"నేను తెనాలిలో పుట్టానయ్యా."

"తెనాలికి అడ్డమేమీ లేదండి," అంది అమృత.

టోపీ ఆయన తలకు కాస్త బిగుతైంది. వేడిగాలి గొట్టం పక్కన కూర్చోబెట్టి, అందరూ చేతులు ముడుచుకుని చూస్తుంటే, వేరే దారిలేక ముద్ద ఎత్తారు. రెండో ముద్దకు కొంచెం కుదుటపడ్డారు. మూడో ముద్ద దగ్గర సింహాసన ప్రసంగం తప్పదు కదా అని ఎవరో గుర్తుచేశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"పదిహేడు వందల ఎనభై తొమ్మిదిలో..." అని మొదలుపెట్టారు.

చేతులు ఎండిపోయాయి, పెరుగు పులిసింది, పక్కింటి ముసలాయన దీపం ఆర్పేసి పడుకున్నాడు. భద్రం రెండుసార్లు కునికితే అమృత కాలితో తట్టి లేపింది. ప్రసంగం ఇంకా మొదటి చక్రవర్తి దగ్గరికి కూడా రాలేదు. అయినా ఎవరూ తిరుగుబాటు చేయలేదు.