కిక్కు కొట్టినంత సేపు
మా మరిది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న కొత్త మోటార్‌సైకిల్ కొన్నది 1986లో. మా ఆయనది పాత బండి, తన్నగా తన్నగా గానీ స్టార్టయ్యేది కాదు. ఇద్దరూ మట్టెవాడలో మా వాకిట్లోంచి ధర్మసాగర్ దాకా పోయి రావాలని పందెం వేసుకున్నారు. టైము చూసే పని నాది. నేను చెయ్యి దించగానే మరిది ఒక్క కిక్కుతో వెళ్లిపోయాడు.

మా ఆయన కిక్కు కొడుతూనే నా మీద విరుచుకుపడ్డారు. "బండి లేసినంక టైము వట్టు! వాని పనంత మిషనే జేస్తాంది, వాడు జేసేదేముంది?"

ఓడిపోయాక కూడా అదే వాదన. విసిగిపోయిన మరిది తర్వాతి ఆదివారం బండ్లు ఒకరివొకరికి మార్చి మళ్లీ పందెం పెట్టాడు. ఈసారి మా ఆయనే ముందొచ్చారు.

"సూసినవా? బండిల ఏముంది, నడిపేటోడుండాలె!"

"అన్నా, నేనింక స్టార్ట్ జేస్తనే ఉన్న," అన్నాడు వాకిట్లో చెమటలు కక్కుతున్న మరిది.

నేను వాచీ విప్పి మా ఆయన చేతిలో పెట్టాను. "ఇగ మీ టైము మీరే సూస్కోండ్రి."