గోడ అవతలి గొంతు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇంతకు ముందు చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా వంతు దాటేశాను. మా తెలుగు టీచరు ఆడించిన ఆట గురించి చెప్పి, ఎంత మంచి టీచరో అని ముగించేవాడిని. ఆ ఆట ఆడించాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పలేదు. దానికి కారణం నేనే.

అప్పట్లో అమ్మానాన్నా, చెల్లీ, నేనూ కార్ఖానా బస్తీలో ఒక పాత ఇంటి మధ్య వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను ఏడో తరగతి, క్లాసుకు లీడర్ని. ఆ వేసవి సెలవుల్లో పక్క వాటాలోకి శ్రీకాకుళం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటాయనకు బేగంపేటలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. వాళ్ళమ్మాయి మా క్లాసులోనే చేరింది.

మొదటి వారం సోషల్ సారు ఏదో అడిగితే ఆ అమ్మాయి ఉత్సాహంగా లేచి, "నాను నిన్ననే సదివీసినాను సార్" అంది. నేను వెనక్కి తిరిగి, ఆమె యాసలో గొంతు సాగదీసి "ఏటీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. అంతమందిని నవ్వించినందుకు నాకు గర్వంగా అనిపించింది. ఆ తర్వాత నేను అనాల్సిన పని కూడా లేకపోయింది. ఆమె లేచి నిలబడితే చాలు, ఏదో ఒక బెంచీ నుంచి "ఏటీ" వినిపించేది.

దసరా నాటికి ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పడం మానేసింది. అడిగితే లేచి నేల చూస్తూ నిలబడేది. నోటి పరీక్షల్లో సున్నాలు వచ్చాయి. మెల్లగా రాత పరీక్షల్లోనూ మార్కులు పడిపోయాయి. సోమవారం వస్తే కడుపునొప్పి అని బడి మానేది. పిల్ల మొద్దు అని కొందరు టీచర్లు తేల్చేశారు. చెవుల డాక్టరుకు చూపించమని ఒకరు సలహా ఇచ్చారు. చివరికి హెడ్మాస్టరు వాళ్ళ నాన్నను పిలిచి, పై తరగతికి పంపడం కష్టమని, మళ్ళీ ఏడే చదవాలని చెప్పారు. మర్నాడు నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ వాళ్ళమ్మ మా అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. "ఇంటికాడ గడగడా సదువుతాది వదినా. బళ్ళో ఏటవుతాదో తెలీదు."

ఆమె అన్నది నిజమేనని నాకు తెలుసు. రెండు వాటాలకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. రోజూ సాయంత్రం ఆ అమ్మాయి పాఠం అప్పజెప్పుకోవడం నాకు వినిపించేది. ఎక్కడా తడబాటు ఉండేది కాదు. నాకంటే బాగా వచ్చు.

ఆ వారమే మా తెలుగు టీచరు ఆట పెట్టింది. ఒక్కొక్కరూ లేచి, పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి బడికి వచ్చేదాకా ఏం చేశారో చెప్పాలి. ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటీ రాకూడదు. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. తప్పితే అందరూ చప్పట్లు కొడతారు, కూర్చోవాలి.

"లీడర్ సాబ్, నువ్వే షురూ చెయ్" అంది నాతో.

రెండో వాక్యంలోనే "జెర లేటయింది" అనేశాను. చప్పట్లు మోగాయి. చెవులు వేడెక్కిపోయాయి. నా తర్వాత లేచినవాళ్ళెవరూ నిమిషం నిలవలేదు. క్లాసంతా నవ్వులే కానీ, అప్పుడే ఓడి కూర్చున్నవాడికి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆ అమ్మాయి వంతు చివర్లో వచ్చింది. లేవదనుకున్నాం. లేచింది. ఒక్కో మాట ముందూ ఆగుతూ, ఎక్కడా తప్పకుండా, చివరిదాకా చెప్పింది. చప్పట్లకోసం మేము ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

టీచరు ఆమెను మెచ్చుకోలేదు. మా వైపు తిరిగింది. "ఒక్క నిమిషం నిలబడితేనే మీకు చెమటలు పట్టినయ్. ఈ పిల్ల రోజూ గిట్లనే నిలబడుతుంది. ఈ పిల్లను ఎక్కిరించుడు ఎవరు షురూ చేసిండ్రో సాయంత్రంలోగా నాకు వచ్చి చెప్పుండ్రి. కొట్టను, తిట్టను. ఈ పిల్లకు చదువు రాక కాదని నేను హెడ్మాస్టరుకు చెప్పుకోవాలె."

ఆ సాయంత్రం స్టాఫ్ రూం తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ తిరిగి వచ్చేశాను. లీడర్ బ్యాడ్జీ తీసేస్తారని భయం, నాన్నకు తెలుస్తుందని భయం. టీచరు ఒక్కతే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి వాదించిందట. ఒక ఆటను చూసి పాస్ చేయలేమన్నారట. నేను ఎనిమిదికి వెళ్ళాను. ఆ అమ్మాయి ఏడులోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది వాళ్ళు బొల్లారం మారిపోయారు.

పదో తరగతి అయిపోయిన రోజు టీచరు నన్ను పక్కకు పిలిచింది. "ఆ రోజు రెండుసార్లు వచ్చి పోయినవ్. మూడోసారి ఎందుకు రాలే బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఇప్పటికీ ఎవరైనా మాట కోసం తడబడుతుంటే నాకు ఆ ప్రశ్నే వినిపిస్తుంది.

పోయిన నెల, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి క్లాసులో సందేహాలు అడగడం మానేశానని చెప్పింది. తన ఇంగ్లీషు విని నవ్వుతున్నారట. ఎవరు వాళ్ళు అని కోపంగా అడగబోయి ఆగిపోయాను. నవ్వేవాడి మొహం నాకు బాగా తెలుసు.

ఆ ఆదివారం అమ్మనడిగి ఆ పక్క వాటా అమ్మాయి చిరునామా తీసుకుని బొల్లారం వెళ్ళాను. బ్లౌజులు కుట్టే చిన్న దుకాణం. ఆమె నన్ను గుర్తుపట్టి స్టూలు చూపించింది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టాను. "గోడ అవతల నుంచి నువ్వు చదివేది రోజూ వింటుంటి. నీకు అన్నీ వచ్చని నాకు తెలుసు."

"గోడ నీ ఒక్కడికే ఉండెనా?" అంది మిషన్ ఆపకుండా. "మీ చెల్లెను నవ్వించనీకి నువ్వు నా లెక్క యాస పెట్టి మాట్లాడుతుంటే నాకు సుత వినపడేది. నీకు వినపడాలనే గట్టిగా చదివేదాన్ని."

ఆమె నోట ఒక్క శ్రీకాకుళం మాట కూడా మిగల్లేదు. తెచ్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను. ఆమె మిషన్ ఆపి నా వైపు చూసింది.

"మొదలు అన్నది నేనే" అన్నాను. "టీచర్ అడిగితే చెప్పలే. నీ ఏడాది నా వల్లనే పోయింది. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్."