మావయ్య ప్రెస్సులో రికవరీ

చోడవరంలో ఆ రోజుల్లో రికవరీ అనే మాటకి ఒకటే అర్థం: చెరుకు ఆడితే ఎంత పంచదార దిగిందన్నది. నూటికి పది దిగితే ఊళ్లో మొహాలు వెలిగేవి. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆ మాట మా మావయ్య దగ్గర వాడాను. ఆయన చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఏళ్ల తరబడి రసం పరీక్షలు చేసిన మనిషి. నా తెలివి అలా ఏడిసింది.

ఫ్యాక్టరీ మానేశాక మావయ్య ప్రెస్సు పెట్టాడు. పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసేవాడు. తొంభైల నడుమ, విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన నా మాట విని, సీసం అక్షరాలన్నీ తూకానికి అమ్మేసి కంప్యూటర్ కొన్నాడు. కొన్నాక మొదట తలపెట్టింది పాటల పుస్తకం. రావికమతం, కె.కోటపాడు వైపు పల్లెల్లో చర్చి ఆడవాళ్లు తామే కట్టుకుని పాడుకునే పాటలవి. ఎక్కడా అచ్చు కాలేదు. స్కూటరు మీద తిరిగి, చెడిపోయిన పెళ్లి కార్డుల వెనక రాసుకొచ్చాడు. నేను టైపు చేశాను. టైపు అయిన కార్డులతో అత్తయ్య పొయ్యి రాజేసుకుంది. అంటే ఆ పాటలు ఇక ఉన్నది ఒక్క హార్డ్ డిస్కులోనే. మా ఊరి కరెంటు సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

"మావయ్యా, మనకో రికవరీ ప్లాన్ ఉండాల," అన్నాను.

"ప్రెస్సులో చెరుకు ఆడతావేటే?"

డిస్కు పోతే పాటలన్నీ తిరిగి తెచ్చుకునే ఏర్పాటని చెప్పాను.

"రికవరీ ఎంత వస్తాది?"

"మొత్తం వచ్చేస్తాది."

"మొత్తం వస్తాదన్నోడిని మా ల్యాబులో ఉండనిచ్చీవోళ్లం కాదు," అన్నాడు. "పిప్పి లేని చెరుకుంటాదేటే?"

తర్వాత దేంట్లో కాపీ చెయ్యాలన్న గొడవ. ఫ్లాపీలు చవకే గానీ, ప్రెస్సులో ఆ కాగితం దుమ్ముకి వాటి ఆయుష్షు మీద నాకు నమ్మకం లేదు. మావయ్య రెండో హార్డ్ డిస్కు వైపు మొగ్గాడు. అదే పెట్టెలో పక్కపక్కన బిగిస్తే జోడెడ్లలా ఉంటాయన్నాడు. ఒక్క కరెంటు దెబ్బకి జోడెడ్లూ ఒకే నూతిలో పడతాయన్నాను. చివరికి టేపు డ్రైవ్ దగ్గర తేలాం. అరచేతిలో పట్టే క్యాసెట్టు, సాయంత్రం ఇంటికి పట్టుకుపోవచ్చు. శనివారం శనివారం నేను కాపీ చేసి తెస్తే, అమ్మ దాన్ని జంతికల డబ్బాలో పెట్టేది. ఖాళీ డబ్బా కాదు, జంతికలతో పాటే.

"ఒకసారి డిస్కు పోయిందనుకుని, టేపులోంచి తెచ్చి సూద్దాం," అంటే మాత్రం మావయ్య ఒప్పుకోలేదు.

"పెళ్లి కార్డులేసే కాడ పోయింది, చచ్చింది అన్న మాటలేటే? తథాస్తు దేవతలుంటారు."

ఆదివారం ఆదివారం చర్చికెళ్లే మనిషికి తథాస్తు దేవతలెక్కడివని అడిగాను.

"ప్రెస్సుకొచ్చీవోళ్ల దేవతలు," అన్నాడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. డిస్కు కరకరలాడి ఊరుకుంది. తథాస్తు దేవతలకి మా సాయం అవసరం లేకపోయింది.

కొత్త డిస్కు వేయించి, కాస్త గర్వంగానే టేపు పెట్టాను. ఫైళ్లు వరసగా దిగాయి. మావయ్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. మొదటి పాట తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. ఒక్క తెలుగు ముక్క లేదు.

మావయ్య తెర మీదికి వంగి చూసి, "ఇది పిప్పే," అన్నాడు.

రాసుకొచ్చిన కార్డులు పొయ్యిలో కాలిపోయాయి. పాటలు కట్టినవాళ్లలో ఒకావిడ అప్పటికే పోయింది. నిజంగానే ఏడుపొచ్చింది. నేను ముక్కు చీదుకుంటుంటే, "అచ్చరాలు అమ్మేసినాక కంపోజు సేస్తే ఇలాగే ఉంటాది," అని మావయ్య దెప్పాడు. ఆ దెప్పుతోనే నాకు వెలిగింది. ప్రతి వారం పాటలే టేపుకెక్కాయి గానీ, తెలుగు అక్షరాల ఫాంట్లు ఎక్కలేదు. ఫాంటు లేకపోతే కంప్యూటర్‌కి మా పాటలన్నీ డాలరు గుర్తులే.

మర్నాడు విశాఖపట్నం బస్సెక్కి, తెలుగు సాఫ్ట్‌వేర్ అమ్మినాయన దగ్గర ఫాంట్ల ఫ్లాపీ తెచ్చి వేశాను. డాలరు గుర్తులు కళ్లముందే గుడిదీర్ఘాలయ్యాయి. ఒక్క పాట తగ్గలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మావయ్య మాత్రం పోయినావిడ పాట తెరిచి పాడటం మొదలెట్టాడు. పల్లవి దాటి చరణంలోకి వెళ్లి ఆగాడు. మళ్లీ ఎత్తుకుని మళ్లీ అక్కడే ఆగాడు.

"మాటలొచ్చేయి గానీ, ఈ కాడ రాగం ఎటెల్తాదో మర్సిపోయేను," అన్నాడు. అంత చిన్నబోయిన గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం స్కూటరు మీద కె.కోటపాడు దాటి, ఆవిడ కూతురింటికి వెళ్లాం. చేటలో మినుములు చెరుగుతూ ఆ కూతురు మావయ్య పాట విని నవ్వింది.

"అమ్మ ఇంటే కొట్టీసును బాబూ," అని తను ఎత్తుకుంది. చరణం మేమనుకున్నట్టు పైకి వెళ్లలేదు, కిందికి దిగింది. మావయ్య జేబులోంచి పెన్ను తీసి, రాగాన్ని ఎలా రాసుకోవాలో తెలియక మళ్లీ పెట్టేశాడు.

"రాసుకోడానికేటుంది, నాతో పాడండి," అని ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది. "ఆ గుంట కూడా పాడాల. మనం ఎల్లిపోయినా దానికుంటాది."

నా గొంతు సంగతి మా చర్చి అంతటికీ తెలుసు. అయినా నాకు వచ్చేదాకా ఆవిడ మమ్మల్ని లేవనివ్వలేదు.

మావయ్య పోయినప్పుడు ఆ పాట పాడింది నేనే. చరణం దగ్గర కిందికే దిగాను.