సేనాపతి గారి పదోన్నతి నిర్ణయం

ఎనభైల చివర్లో ఒక మార్చి నెలలో బస్తర్‌లోని ఒక ఇనుప గనికి పర్సనెల్ ఆఫీసరుగా బదిలీ మీద వచ్చాను. గని పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల జ్ఞాపకశక్తి నాకంటే బాగుంటుంది. పర్సనెల్ ఆఫీసరంటే నియామకాలు, సెలవులు, పదోన్నతులు, శిక్షలు చూసేవాడు. వీటికి తోడు ఆ శీతాకాలం కాలనీ వార్షికోత్సవం కూడా నా నెత్తిన పడింది.

విశాఖ వైపు నుంచి ఈ గనుల దాకా వచ్చే కిరండూల్ రైల్వే లైను పొడవునా ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎక్కువ కాబట్టి మా కాలనీలో ఒక ఏడు హిందీ నాటకం, మరో ఏడు తెలుగు నాటకం వేసేవారు. ఆ ఏడు తెలుగు వంతు. హైస్కూలు మాస్టారొకాయన అసూయ మీద ఓ పాత విదేశీ విషాద నాటకాన్ని తెలుగు చేసి తెచ్చారు. కథ సులువే. ఒక సేనాపతి, తన కింద ఏళ్ల తరబడి పనిచేసిన ధ్వజధారిని కాదని, పుస్తకాలు చదివిన ఓ కుర్రవాణ్ణి ఉపసేనాపతిని చేస్తాడు. కడుపు మండిన ధ్వజధారి, నీ భార్యకూ ఆ కుర్రవాడికీ సంబంధం ఉందని సేనాపతి చెవిలో ఊదుతాడు. సాక్ష్యం ఒక చేతిరుమాలు. సేనాపతి నమ్మి భార్యను చంపి, నిజం తెలిశాక తనూ పొడుచుకుంటాడు.

పాత్రలను మేము ప్రతిభను బట్టి కాక పే స్కేలును బట్టి పంచాం. సేనాపతి మా డిప్యూటీ మేనేజర్ గారు. రెండు వాక్యాలు వరసగా గుర్తుండని మనిషే, కానీ ఆయన ఉండగా ఇంకొకరు సేనాపతి ఎలా అవుతారు? నాటకంలో సేనాపతి నల్లనివాడు. ఆయన మాత్రం ముఖానికి పౌడరు తగ్గించడానికి కూడా ఒప్పుకోలేదు. ఉపసేనాపతి ప్రసాద్, కొత్తగా ఫోర్‌మన్ అయిన డిప్లొమా కుర్రవాడు. సేనాపతి భార్య వేషం రైల్వే గార్డు గారి భార్య ఎస్తేరు గారిది. "ఒక్క ముక్కయినా అడక్కుండా సంపేస్తాడేటండీ ఇతగాడు?" అని ఆవిడ రిహార్సల్‌లో అడిగితే, అడిగితే నాటకం అరగంటలో అయిపోతుందని డిప్యూటీ మేనేజర్ గారు సెలవిచ్చారు.

ధ్వజధారి వేషం ఎవరూ తీసుకోలేదు. చివరికి చార్జ్‌మన్ సూర్యనారాయణ ఒప్పుకున్నాడు. చార్జ్‌మన్ అంటే షిఫ్టులో ఒక ముఠా కార్మికులను నడిపేవాడు, దాని పై మెట్టు ఫోర్‌మన్. నెల ముందే పదోన్నతి కమిటీ ఆయన్ను దాటేసి ప్రసాద్‌ను ఫోర్‌మన్ చేసింది. కమిటీ అధ్యక్షుడు డిప్యూటీ మేనేజర్, కార్యదర్శి నేను. సూర్యనారాయణకు రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది. మళ్లీ ఖాళీ వచ్చేసరికి ఇంటికి వెళ్లిపోతాడు. ఆయన పెట్టుకున్న అప్పీలు నా బల్ల మీదే ఉంది. ఇంత తెలిసీ మేమిద్దరం ఆ నాటకానికి తలూపామంటే, స్క్రిప్టు చదవలేదని అర్థం. చదవకపోయినా నిబంధన ప్రకారం ప్రతి పుట కిందా డిప్యూటీ మేనేజర్ గారి ఆమోద సంతకం మాత్రం పడింది.

ఆదివారం సాయంత్రం క్లబ్బు మైదానం నిండిపోయింది. మొదటి రంగంలోనే సూర్యనారాయణ ముందుకొచ్చి, ఇన్నేళ్లు నేను జెండా మోస్తే నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి పైకెక్కించారని అన్నాడు. మైదానం ఒక్కసారిగా లేచింది. "సీనియారిటీ లిస్టు ఏటైపోనాదిరా?" అని డంపర్ డ్రైవర్లు అరిచారు. తెలుగు రాని, హల్బీ మాట్లాడే స్థానిక కార్మికులకు పక్కవాళ్లు సంగతి చెప్పారు, వాళ్లూ చప్పట్లు కొట్టారు. అక్కడి నుంచి ధ్వజధారి చేసిన ప్రతి దుర్మార్గానికీ ఈలలే. ఉపసేనాపతికి తాగించి కొలువు ఊడగొడితే "ఒన్స్‌మోర్" అన్నారు, పాపం ప్రసాద్‌కు రెండోసారి కూడా ఊడింది. ఎస్తేరు గారు చనిపోతుంటే ఆడవాళ్లు ఏడ్చారు. సేనాపతి పొడుచుకున్నప్పుడు మాత్రం అందరూ సంతోషించారు.

మర్నాడు ఉదయమే డిప్యూటీ మేనేజర్ గారు పిలిచారు. సూర్యనారాయణ కార్మికులను రెచ్చగొట్టాడు, చార్జిషీటు తయారుచెయ్యమన్నారు. ఆ అభియోగం రుజువైతే ఉద్యోగమే పోవచ్చు. నేను స్క్రిప్టు ముందు పెట్టి, ఆ మాటలు మీరు ఆమోదించిన పుటలోవేనని మనవి చేశాను. ఆయన తన సంతకాన్ని కాసేపు ఎవరిదో అన్నట్టు చూసి, పాత రికార్డు తియ్యండి, ఏదో ఒకటి దొరుకుతుందన్నారు.

దొరికింది. ఉద్యోగుల మీద పై అధికారి ఏటా రాసే రహస్య నివేదికలో, డిప్యూటీ మేనేజర్ గారి చేతిరాతలోనే ఉంది: "మూడు రోజులు షిఫ్టు వదిలి బీజాపూర్‌లో సొంత పనులు చూసుకున్నట్టు విశ్వసనీయంగా తెలిసింది." ఈ బీజాపూర్ కర్ణాటకది కాదు, బస్తర్‌లోనిదే. కమిటీలో సూర్యనారాయణను పడగొట్టింది ఈ ఒక్క వాక్యమే. ఎవరు చెప్పారో రాయలేదు. ఇలాంటి ప్రతికూల వ్యాఖ్యను ఉద్యోగికి రాతపూర్వకంగా తెలియజేసి, సంజాయిషీ తీసుకున్నాకే కమిటీ ముందు పెట్టాలి. తెలియజేయాల్సినవాణ్ణి నేను. తెలియజేస్తే జవాబు వస్తుంది, ఆ జవాబుకు మళ్లీ జవాబు రాయాలి, కమిటీ తేదీ చూస్తే దగ్గరపడింది. బద్ధకించాను.

ఇక ఆలస్యం చేయకుండా సూర్యనారాయణను పిలిచి ఆ కాగితం చేతికిచ్చాను. కూర్చోమన్నా కూర్చోకుండా చదివాడు.

"అప్పుడు మా అప్ప బీజాపూర్ ఆసుపత్రిలో ఉండీదండి. మూడ్రోజులకీ సెలవు సీటీ ఎట్టినాను. మంజూరు సేసింది తవరే," అన్నాడు. అప్ప అంటే వాళ్ల వైపు అక్క.

సెలవు రిజిస్టరు నా వెనక బీరువాలోనే ఉంది. తీసి చూస్తే మూడు తేదీలూ ఉన్నాయి, పక్కన నా సంతకం ఉంది. ఆయన ఆ రిజిస్టరు వంక చూడను కూడా లేదు, షిఫ్టుకు టైమైందని వెళ్లిపోయాడు.

లోపం నాదేనని నోట్ రాసి, రిజిస్టరు నకలు జతచేసి పైకి పంపాను. చార్జిషీటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సమీక్ష కమిటీ కూర్చుని వ్యాఖ్యను కొట్టేసి, ప్రసాద్‌ను కదపకుండా, అదనపు పోస్టు ఒకటి సృష్టించి సూర్యనారాయణను ఫోర్‌మన్ చేసింది. ఆ వ్యాఖ్య రాసినవారి మీద గానీ, దాన్ని ఆయనకు తెలియజేయకుండా తొక్కిపెట్టిన నా మీద గానీ ఏ నివేదికలోనూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఏడాది తిరక్కుండా మా ఇద్దరికీ పదోన్నతులు కూడా వచ్చాయి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే పని. ఫైల్లో "విశ్వసనీయంగా తెలిసింది" అన్న మాట కనిపిస్తే, ఎవరు చెప్పారని ఊరంతా వెతికే ముందు మన బీరువా తెరవాలి. మిగిలిన ఉద్యోగమంతా అలాగే చేశాను. చాలాసార్లు ఆ మనిషి నిర్దోషి అనడానికి కాగితం అందులోనే, నా సంతకంతోనే ఉండేది.